చివరాఖరమ్మ మెట్లు

మా లైబ్రరీ వెనక మెట్ల సంగతి తెలిసినవాళ్ళెవరూ చీకటి పడ్డాక చేతిలో పుస్తకంతో అటు పోరు.

ఉత్త చేతులతో పోతే ఏమీ కాదు. ఎక్కొచ్చు, దిగొచ్చు, కావాలంటే అక్కడే చతికిలబడి కునుకు తీయొచ్చు. చేతిలో పుస్తకం ఉంటేనే తంటా. సరిగ్గా మెట్లు మలుపు తిరిగే చోట, చెవి పక్కన ఎవరో వంగినట్టుంటుంది. చల్లగా ఊపిరి తగులుతుంది. తర్వాత... గుసగుసగా... ఒక్క ముక్క—

"చంపింది తమ్ముడు."

అంతే. మీరింకా రెండో అధ్యాయంలోనే ఉంటారు. ఆ తమ్ముడు అప్పుడే రైలు దిగి, అందరినీ నవ్వుతూ పలకరిస్తుంటాడు. ఇక ఆ పుస్తకం ఏం చేసుకుంటారు?

ఒకావిడకి "ఆ పెళ్ళి జరగదు" అని వినిపించిందట. పెళ్ళికూతురు చీర రంగు ఎంచుకుంటున్న చోట పుస్తకం మూసేసి, మళ్ళీ తెరవలేదు. ఒక కంపౌండరుకి "కుక్క బతుకుతుందిలే, భయపడకు" అని వినిపించిందట. ఆయన మాత్రం చీకట్లోకి దణ్ణం పెట్టి, గుండెల మీంచి బరువు దిగినట్టు ఇంటికి పోయాడు.

పీక పిసికే దెయ్యాల గురించి విన్నాను. వెంటపడే దెయ్యాల గురించి విన్నాను. కథ చివర చెప్పేసే దెయ్యం మా లైబ్రరీలోనే ఉంది. పీక పిసికితే పోనీ ఒక్కసారితో వదిలిపోతుంది!

ఆవిడ బతికున్నప్పుడూ అంతేనట. లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చే ఉద్యోగం. ఎవరికి ఏది నచ్చుతుందో మొహం చూసి చెప్పేది. "ఇది పట్టుకెళ్ళు, నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంటావు" అనేది. పట్టుకెళ్ళినవాళ్ళు నిజంగానే పొట్ట పట్టుకునేవారు. అక్కడితో ఆగి ఉంటే దేవతే. ఆగలేదు. తనకి నచ్చిన పుస్తకం అవతలివాళ్ళ చేతిలో పడగానే ఒళ్ళు తెలియని సంతోషం వచ్చేసేది. ఆ సంతోషంలో చివర కూడా చెప్పేసేది. జనం ఆవిణ్ణి చూస్తే చెవులు మూసుకునేవారు. చివరాఖరమ్మ అని పేరు పెట్టారు.

పోవడం కూడా అలాగే పోయింది. పై గదిలోంచి దిగుతూ, ఎదురొస్తున్న ఒక పోస్టుమాన్ చేతిలో నవల చూసింది. అతను దాటి పైకి వెళ్ళిపోతుంటే, "అయ్యో, అదా! దాని చివర్లో..." అంటూ వెనక్కి తిరిగింది. చెప్పు జారింది. మలుపు దాకా దొర్లింది. ఒక చెప్పు పై మెట్టు మీదే ఉండిపోయింది. మనిషిని ఒక్క చెప్పుతోనే మోసుకెళ్ళారు.

ఆ నవల చివర ఏమిటో పోస్టుమాన్‌కి ఆ రోజు తెలియలేదు. కొన్నాళ్ళ తర్వాత, ఒక సాయంత్రం, అదే నవలతో చీకట్లో దిగుతుంటే తెలిసింది.

ఇక మా పెద్దమనుషుల సంగతి చెప్పాలి. దెయ్యం కన్నా వీళ్ళే నయమని మీకనిపిస్తే అది నా తప్పు కాదు, మీరింకా వీళ్ళని చూడలేదన్నమాట.

లైబ్రరీలో పాఠకుల సంఘమని ఒకటుంది. నెలకోసారి ముందు హాల్లో కుర్చీలు వేసుకుని, తప్పక చదవాల్సిన పుస్తకం ఏదో జనానికి సెలవిస్తారు. పుస్తకాలు చదివేవాళ్ళ మొహాల్లో ఒక కళ ఉంటుంది, నిద్ర చాలని కళ. వీళ్ళవి చక్కగా నిద్రపోయి లేచిన మొహాలు. "భలే సరదాగా ఉంది, చదవండి" అన్న మాట ఒక్కడి నోట నేను వినలేదు. సరదా వాళ్ళ ఒంటికి పడదు. "లోతైనది" అంటారు. "బరువైనది" అంటారు. నూతినీ బండరాయినీ మెచ్చుకుంటున్నట్టుంటుంది. వినేవాళ్ళు తలలూపుతారు. ఇంటికి మోసుకెళ్తారు. గాలికి కొట్టుకునే తలుపుకి అడ్డం పెట్టుకుంటారు. గడువు రాగానే తిరిగిచ్చి, "అద్భుతమండీ" అని పక్కవాడికి అంటగడతారు. వాడి ఇంట్లోనూ తలుపులున్నాయి కదా.

ఈ సంఘమే ఒక తీర్మానం చేసింది. జనం నిజంగా చదివే నవలలన్నిటికీ... దొంగలవి, దొరసానులవి, లేచిపోయినవాళ్ళవి, నవ్వు పుట్టించేవి, అన్నిటికీ... కాలక్షేపం సరుకు అని పేరు పెట్టింది. ముందు హాల్లోంచి వెళ్ళగొట్టింది. ఎక్కడికి? వెనక మెట్ల మలుపులో ఉన్న చెక్క బీరువాలోకి.

దెయ్యం మాట ఎత్తితే వీళ్ళు విరగబడి నవ్వేవారు. "మేమూ ఆ మెట్లు దిగుతాం. రాత్రిళ్ళే దిగుతాం. చేతిలో పుస్తకాలతోనే దిగుతాం. మాకేం వినపడలేదే! అది చదువురానివాళ్ళ చెవుల జబ్బు."

వాళ్ళకి వినపడకపోవడం నిజమే. ఎందుకు వినపడలేదో ఒక్కడికీ తట్టలేదు. నాకూ అప్పటికి తట్టలేదనుకోండి.

సంఘం కార్యదర్శి మా బావే. అక్క మొగుడు. కాలేజీలో పాఠాలు చెప్తాడు. ఏ పుస్తకమైనా ముందుమాట చదువుతాడు, దాని మీద గంటసేపు మాట్లాడతాడు. అందుకని ఆయనకి నేను ముందుమాట అని పేరు పెట్టాను. మొహం మీదే పిలుస్తాను. మరదల్ని కనక ఏమీ అనలేడు. అన్నా పడేదాన్ని కాదు.

"పొట్లం కాగితాలు చదివి పెరిగావు, నీకేం తెలుసు సాహిత్యం!" అనేవాడు.

అందులో అబద్ధమేం లేదు. నన్ను బడికి పంపలేదు. బేకరీలో బన్నులు చుట్టే పాత కాగితాల మీదే నాకు చదువొచ్చింది. పొట్లం కాగితానికి మొదలూ ఉండదు, చివరా ఉండదు. అతను తలుపు తోశాడు, లోపల... అని ఉంటుంది. అక్కడ చిరిగిపోయి ఉంటుంది. లోపల ఏముందో తెలియక రాత్రంతా దొర్లేదాన్ని. అందుకే నాకు చివరంటే అంత యావ.

"మీకేం బావా, మొదలుకి ముందున్నది చాలు" అనేదాన్ని.

ఆయన చంకలో ఎప్పుడూ ఒకటే లావుపాటి పుస్తకం. నల్ల అట్ట, మెరిసే అక్షరాలు. లైబ్రరీ పుస్తకమే, సంఘంలో అందరి చేతులూ మారి ఈయన దగ్గర ఆగింది. వాళ్ళలో దానికి మహాగ్రంథం అని పేరు. "ఇది చదివితే ఇక వేరే ఏదీ చదవక్కర్లేదు" అని బావ ప్రతి ఏడూ వేదికెక్కి చెప్తాడు. ఆ మాటలో రెండో సగం మాత్రం ఆయన తు.చ. తప్పకుండా పాటించాడు.

ఇలా ఉండగా, ఒక వానాకాలం మా అక్కకి కంటి ఆపరేషన్ అయింది.

కంటి లోపలి పొర ఊడిందట. దాన్ని అతికించి, అది నిలబడడానికి కంట్లోకి గాలి బుడగ ఎక్కించారు. ఆ బుడగ పొరని నొక్కి ఉంచాలంటే మనిషి బోర్లా పడుకోవాలి. పగలూ రాత్రీ మొహం నేలవైపే. డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. "లేచి తిరిగారంటే పొర మళ్ళీ ఊడుతుంది. అప్పుడు నన్నడగొద్దు. ఆ కన్ను పోయినట్టే."

అక్కకి కుదురుగా కూర్చోవడమే రాదు. అలాంటిది కదలకుండా పడుకోవడమా! మంచం అంచున దిండ్లు పేర్చి, నుదురు వాటి మీద ఆనించి పడుకోబెట్టాం. ఇక ఆమెకి లోకమంటే ముక్కు కింద కనిపించే జానెడు నేల. మొదటి రోజు సాయంత్రానికే దుప్పటి పీకడం మొదలుపెట్టింది.

"చెల్లీ, నన్ను ఇలా పడుకోబెట్టే మందు ఒక్కటేనే. ఏదైనా చదివిపెట్టు. లోతైనదీ గీతైనదీ తెచ్చావంటే లేచి తంతాను."

మర్నాడు నేను పట్టపగలే వెళ్ళి, మలుపు బీరువాలోంచి ఒక నవల తెచ్చాను. పెద్ద బంగళా. అందులో ఒక వంటమనిషి. యజమానురాలు ఉన్నట్టుండి కనిపించకుండా పోయింది. మెత్తటి మాటల భర్త. అటక మీద ఎవరూ ముట్టుకోని ట్రంకుపెట్టె. నేను చదువుతుంటే అక్క ఊపిరి బిగబట్టేది. మధ్యమధ్యలో "ఆ వంటమనిషిని నమ్మకండి, దొంగమొహంది" అని నేలతో చెప్పేది. ఒళ్ళు కదిపితే ఒట్టు. అన్నం తిన్నదీ లేనిదీ కూడా మర్చిపోయింది.

ఆ సాయంత్రం కథ అటక దగ్గరికొచ్చింది. వంటమనిషి దీపం పట్టుకుని నిచ్చెన ఎక్కింది. పెట్టె మూత ఎత్తింది. లోపలికి చూసి కెవ్వుమని అరిచింది—

మొదటి భాగం సమాప్తం.

"అంతేనా?" అంది అక్క.

"రెండో భాగం ఉందే. బీరువాలోనే ఉంది. రేపు పొద్దున్నే తెస్తా."

"రేపటిదాకా నేనుంటానా?"

అప్పటికే చీకటి పడింది. చేతిలో నవలతో ఆ మెట్లు దిగితే పెట్టెలో ఏముందో నాకు చెవిలో పడిపోతుంది. నా మొహం చూస్తే అక్కకి తెలిసిపోతుంది. పైగా నాకు బేకరీలో రాత్రి పని. బావకి అప్పజెప్పాను.

"ఈ రాత్రి మీదే భారం బావా. అక్కని కదలనివ్వకండి. మీ మహాగ్రంథం మాత్రం తీయకండి, మీకు దణ్ణం పెడతా."

"నా భార్యకి ఏం చదివి వినిపించాలో నాకు తెలుసు" అన్నాడు.

ఇక్కణ్ణుంచి జరిగింది నేను చూడలేదు. తెల్లారాక అక్క చెప్పింది సగం, బావ చెప్పింది సగం. బావ ఆ ఒక్కసారే చెప్పాడు. ఇప్పుడడిగితే, "నేనా? మెట్ల మీదా?" అంటాడు.

నేను గడప దాటానో లేదో, ఆయన మహాగ్రంథం తీశాడు. గొంతు సవరించుకున్నాడు. ముందుమాట మొదలుపెట్టాడు.

కాసేపటికి అక్క మోచేతుల మీద లేచింది.

"ఏమిటది? పడుకో!"

"కాళ్ళు లాగుతున్నాయండీ. ఒక్కసారి అలా వీధిలోకి వెళ్ళొస్తా."

"కన్ను పోతుందే!"

"ముందు చెవులు పోయేలా ఉన్నాయి."

ఎంత ముందుమాటైనా పెళ్ళాం కన్ను కదా, భయపడ్డాడు. పుస్తకం మూశాడు. కబుర్లు చెప్పబోయాడు. ఆయన కబుర్లూ ముందుమాటలే. అక్క ఒక కాలు మంచం దించింది.

"ఆ పెట్టెలో ఏముందో తెలిస్తే పడుకుంటా. లేకపోతే నా వల్ల కాదు. ఆ రెండో భాగం మీరు తెస్తారా, నన్నే వెళ్ళి తెచ్చుకోమంటారా?"

లైబ్రరీ తాళాలు కార్యదర్శి దగ్గరే ఉంటాయి. తను వెళ్ళగొట్టించిన సరుకు కోసం, వర్షంలో, తనే వెళ్ళాలి. ఎవరైనా చూస్తే! ఆ ఆలోచన కూడా వచ్చిందని తనే ఒప్పుకున్నాడు. అక్క రెండో కాలు కదిపేసరికి గొడుగు తీశాడు.

"నేను వచ్చేదాకా కదిలావో, చూడు!"

ఇంటికి బయట తాళం పెట్టాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. మహాగ్రంథం చంకలో ఉంది. అదెందుకూ అంటే ఏం చెప్తాడు? అది లేకుండా వీధిలోకి వెళ్తే ఆయనకి చొక్కా లేనట్టుంటుంది.

లైబ్రరీ హాలంతా చీకటి. బల్లల మీద బోర్లించిన కుర్చీలు, కాళ్ళు పైకెత్తి. వెనక మెట్ల దగ్గరి బల్బు ఎప్పుడో మాడిపోయింది. సంఘం ఇంకా దాని మీద తీర్మానం చేయలేదు. టార్చి వేసుకుని ఎక్కాడు. చెక్క మెట్లు కిర్రుమన్నాయి. ఒక మెట్టు... ఇంకో మెట్టు...

మలుపు.

ఏమీ లేదు. "చెవుల జబ్బు" అని పైకే అన్నాడట, ధైర్యానికి.

బీరువా తలుపు తీశాడు. వెతికాడు. రెండో భాగం కనిపించింది. అంచు పట్టుకుని లాగాడు.

రాలేదు.

పక్క పుస్తకాలు బిగుసుకున్నాయనుకున్నాడు. ఇంకాస్త గట్టిగా లాగాడు. వేలెడు ముందుకొచ్చింది... మళ్ళీ తనంతట తనే లోపలికి పోయింది. అవతలినుంచి ఎవరో లాక్కున్నట్టు.

బీరువా అవతల గోడ.

చెవి మీద చల్లగా ఊపిరి తగిలింది.

"అది తర్వాత..."

టార్చి చేజారింది. ఆరిపోలేదు. దొర్లుకుంటూ పోయి మూల ఆగింది. గోడ మీద ఆయన నీడ ఒక్కటే ఉంది. ఒక్కటే.

"ఆ చంకలోది... చదివావా?"

ఎన్నేళ్ళ అలవాటో! అడిగింది దెయ్యమైనా నోరు దాని పని అది చేసింది. "తప్పక... తప్పక చదవాల్సిన పుస్తకం."

"చివరికి... ఏమైంది?"

బయట వర్షం.

"అందరూ దాన్ని మోసుకుంటూ దిగుతారు. నేనూ అప్పట్లో మొదలుపెట్టాను. ఎప్పుడు పట్టుకున్నా నిద్రపోయేదాన్ని. ఎవరైనా చెప్తారేమోనని చూస్తున్నా... చూస్తూనే ఉన్నా... చివరికి ఏమైంది?"

అదీ సంగతి! పెద్దమనుషులు దిగేటప్పుడు ఆవిడ నోరెందుకు మెదపలేదో తెలిసిందా? వాళ్ళు మోసుకెళ్ళేవాటి చివర దెయ్యానికి కూడా తెలియదు.

బావ మొదలుపెట్టాడు. "ఈ గ్రంథం మానవ జీవితపు అగాధాల్ని స్పృశిస్తూ..."

"అది ముందుమాట."

"రచయిత దృక్పథం..."

"అదీ ముందుమాటే." గొంతు ఇంకా దగ్గరికొచ్చింది. చెవి తమ్మె చల్లబడింది. "చెప్పి... ఇది తీసుకెళ్ళు."

ఒక్కసారి పరిగెత్తుదామనుకున్నాడట. వట్టి చేతులతో పోతే అక్క లేస్తుంది. లేస్తే కన్ను పోతుంది. మెట్టు మీద కూలబడ్డాడు. టార్చి అందుకున్నాడు. మహాగ్రంథం ఒళ్ళో పెట్టుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, చివరి పేజీకి తిప్పాడు.

తెరుచుకోలేదు.

పాత పుస్తకాలు చూసినవాళ్ళకి ఈ సంగతి తెలుసు. పెద్ద కాగితం మీద అచ్చువేసి మడతలు పెడతారు. ఆ మడత అంచులు కోయకుండా కుట్టేస్తే పేజీలు ఒకదాంతో ఒకటి కలిసే ఉంటాయి. మొదట చదివే మనిషి కోసుకుంటూ పోవాలి. మహాగ్రంథానికి ముందుమాట దాకా కోసి ఉంది. ఆ తర్వాత మరికాసిని పేజీలు ఎవరో ఆశపడి కోశారు, ఆవిడే అయ్యుంటుంది. అక్కణ్ణుంచి చివరిదాకా అచ్చాఫీసునుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది. ఎంతమంది చేతులు మారింది! ఎంతమంది కళ్ళు అరమోడ్చి "ఆహా, ఆ చివరి అధ్యాయం!" అన్నారు!

జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి మడతలో దూర్చాడు. కాగితం పరపరా చిరిగింది. మెట్ల మీద ఆ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. చెవి దగ్గర ఊపిరి కూడా తెలియడం లేదు. ఆవిడ అక్కడే నిలబడి వింటోందనుకుని, వెనక్కి చూడడానికి ధైర్యం చాలక, చివరి అధ్యాయం మొదటినుంచీ పైకి చదవడం మొదలుపెట్టాడు.

రేవులో ఓడ కదలబోతోంది. కథానాయకుడు మెట్టు మీద కాలు పెట్టాడు. వెనకనుంచి ఎవరో పేరు పెట్టి పిలిచారు. పోయారనుకున్న తండ్రి గొంతు. అతను వెనక్కి తిరిగాడు. జనంలో, అందరికన్నా వెనక, నిలబడి ఉన్నది—

కింద సన్నటి గీత. గీత కింద: ప్రథమ భాగము సమాప్తము.

ఆ చివరి అధ్యాయం తర్వాత నేనూ చదివాను. ఉన్నమాట చెప్పాలి కదా, బాగుంది. అక్కడిదాకా ఒక్కడైనా వెళ్ళి ఉంటే "ఇదేమిటి, సగంలో ఆపేశాడు!" అని ఊరంతా గోల పెట్టేవాడు. అట్ట మీద మొదటి భాగమని లేదు. ముందుమాటలోనూ లేదు. ఆ ముందుమాట రాసిన మహానుభావుడూ మా బావలాంటివాడే అయ్యుంటాడు.

"ఇది... సగమే" అన్నాడు బావ, చీకట్లోకి.

పలుకు లేదు.

"ఏమండీ... ఇది సగమేనండీ..."

పలుకు లేదు. లేచి బీరువాలో చెయ్యి పెట్టాడు. రెండో భాగం వెన్నముద్దలా చేతిలోకి వచ్చేసింది.

తలుపు తాళం వేశాడో లేదో కూడా గుర్తులేదట. గొడుగు అక్కడే వదిలేసి పరిగెత్తాడు. ఇంత ఆలస్యమైంది. అక్క ఈపాటికి లేచే ఉంటుంది. గదిలో తిరుగుతూ ఉంటుంది. కన్ను...

ఇంటి తాళం వేసింది వేసినట్టే ఉంది. తీసి లోపలికి దూకాడు.

అక్క బోర్లా పడుకుని ఉంది. రెండు కాళ్ళూ మంచం మీదే ఉన్నాయి. నేలని చూసి నవ్వుకుంటోంది.

"వచ్చారా? ఇంతసేపా? పోనీలెండి, ఆవిణ్ణి పంపి మంచిపని చేశారు."

"ఎవర్ని?"

"లైబ్రరీ ఆవిణ్ణి. మీరు రాకపోయేసరికి నేను లేచిపోయేదాన్నే. రెండు కాళ్ళూ కింద పెట్టాను. అప్పుడే వచ్చింది. 'పడుకో తల్లీ, నేను చెప్తాగా' అంది. ఆ పెట్టె ఖాళీ అటండీ! ఖాళీ పెట్టె చూసి అంత అరుపెందుకు? అందులో ఏముండాలో తనకి తెలుసు కనక! యజమానురాల్ని అందులో పెట్టింది ఆ దొంగమొహందే. నేను చెల్లితో చెప్తూనే ఉన్నా. చివర్లో ఆ యజమానురాలే వీధి తలుపు తట్టుకుని నిక్షేపంలా లోపలికొస్తుందట!"

బావ తడి చేతుల్తోనే రెండో భాగం చివరి పేజీ తీశాడు. బంగళా వీధి తలుపు ఎవరో తట్టారు. వంటమనిషి వెళ్ళి తలుపు తీసింది.

నిక్షేపంలా నిలబడి ఉంది, యజమానురాలు.

"ఎలా... ఎలా ఉంటుంది ఆవిడ?" అన్నాడు.

"నాకేం కనపడుతుంది, నేలా, కాళ్ళూ తప్ప! ఒక కాలికి చెప్పుంది, రెండోది ఉత్త కాలు. వానలో ఎక్కడో తెగినట్టుంది, పాపం. అయినా చిత్రమండీ... అంత వానలో వచ్చిందా, నేల మీద చుక్క తడి లేదు."

చెప్పు సంగతి అక్కకి నేనెప్పుడూ చెప్పలేదు. మెట్లమీద పోయినవాళ్ళ కథలు ఆమెకి పడవు.

"ఎప్పుడు వెళ్ళింది?"

"ఇప్పుడే. మీ అడుగుల చప్పుడు విని 'వస్తా' అంది. చివర చెప్పింది గానీ మధ్యది చెప్పలేదు చూడండి. పెట్టెలోంచి ఆవిడెలా బయటపడింది? ఎవరు తీశారు? ప్రాణం పోతోంది, చదవండి ముందు. ఆ... మీకో మాట చెప్పమంది."

"ఏమని?"

"మీ పుస్తకం సగమేనట. అంటే ఏమిటండీ?"

తెల్లారి నేను వెళ్ళేసరికి బావ మంచం పక్కన నేల మీద కూర్చుని చదువుతున్నాడు. గొంతు బొంగురుపోయింది. నేను తలుపు తోయగానే, "ష్! అటక మీదికి ఎవరో ఎక్కుతున్నారు" అన్నాడు. చివర తెలిసిన కథే! ఇద్దరికీ తెలుసు. అయినా ఇద్దరూ ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు. మంచి పుస్తకం చివర చెప్పేస్తే చచ్చిపోదని నాకు అప్పుడు తెలిసింది. పాపం, ఆవిణ్ణి చూసి ఇన్నాళ్ళూ అనవసరంగా చెవులు మూసుకున్నాం.

డాక్టరమ్మ చెప్పినన్నాళ్ళూ అక్క బోర్లానే పడుకుంది. కన్ను దక్కింది.

ఆ తర్వాత సంఘం సమావేశం వచ్చింది. నేనెప్పుడూ అటు పోను. ఆ రోజు మాత్రం పనిగట్టుకుని వెళ్ళి, వెనక మెట్ల దగ్గరి ఆఖరి కుర్చీలో కూర్చున్నాను. బావ లేచి ఇలా అంటాడనుకున్నాను, "మిత్రులారా, ఈ మహాగ్రంథాన్ని మనలో ఒక్కడూ చదవలేదు, మలుపు బీరువాలో పెట్టె నవల ఒకటుంది, అది చదవండి, రాత్రి నిద్రపట్టదు." అనకపోతాడా? నేల మీద కూర్చుని "ష్" అన్న మనిషి కదా!

బావ లేచాడు. చంకలో మహాగ్రంథం. హాలంతా చూశాడు. నన్నూ చూశాడు. నోరు తెరిచాడు.

"ఈ మహాగ్రంథాన్ని... రెండు భాగాలూ తప్పక చదవాలి."

ఇప్పుడైనా ఒక్కడు లేచి "రెండో భాగం ఎక్కడిదండీ?" అంటాడేమోనని చూశాను. అది లోకంలో లేదు. నేను అడగని పాత పుస్తకాల కొట్టు లేదు. రాసినాయన రాయకుండానే పోయాడు.

ముందు వరసలో రిటైరైన ఇంజినీరు మెల్లగా తల పంకించాడు. "నిజం. మొదటి దానికన్నా రెండో భాగం ఇంకా లోతైనది."

"ఆ చివర!" అన్నాడు పక్కనున్న వకీలు, కళ్ళు మూసుకుని. "నన్ను ఏడిపించిందండీ."

తలలన్నీ ఊగాయి.

అప్పుడే వెనకనుంచి ఎవరో నవ్వారు. ఫక్కుమని, పొట్ట పట్టుకుని నవ్వే ఆడనవ్వు.

హాలంతా చుర్రుమంటూ నావైపు తిరిగింది. అక్కడ అలా నవ్వడానికి తెగించేది నేనొక్కదాన్నే, అందరికీ తెలుసు. బావ ఒక్కడే నావైపు చూడలేదు. నా భుజం మీంచి వెనక్కి, మెట్ల మలుపుకేసి చూస్తున్నాడు, మొహంలో నెత్తురు చుక్క లేకుండా.

నా నోరు, నేను పుట్టాక మొదటిసారి, మూసుకునే ఉంది.